లెక్క పాతదైతే... జీతం లేటు!

కంప్యూటర్ కూడా అంచనా వేసుకునే పని మొదలుపెడుతుంది. ఆ అంచనా తప్పితే దెబ్బ తగిలేది మనకే!

(ఒక సైట్ సూపర్‌వైజర్ అనుభవం, దుబాయ్ నుంచి)

2023 నవంబర్ మొదటి వారం. రాత్రి ఎనిమిదిన్నర అయింది. సోనాపూర్ క్యాంపులో నా గది ముందు పదిహేను, ఇరవై మంది చేరారు. అందరూ మా కొత్త సైటు వాళ్లే. చేతుల్లో ఫోన్లు, ఫోన్లలో జీతం పడినట్టు మెసేజీలు.

"బేసిక్ పడ్డది. ఓటీ మాత్రం పడలే అన్నా" అన్నాడు కామారెడ్డి తమ్ముడొకడు. షట్టరింగ్ కార్పెంటర్. అక్టోబర్‌లో రోజుకు రెండు గంటల చొప్పున 26 రోజులు, మొత్తం 52 గంటలు ఓవర్‌టైం చేశాడు. ఊళ్లో ఇంటికి స్లాబు వేయాలి. సెంట్రింగ్ కట్టి పెట్టారు. ఈ డబ్బు వస్తుందన్న ధీమాతో మేస్త్రీకి రోజు కూడా చెప్పేశాడు. "ఇప్పుడు ఇంటికి ఏం చెప్పాలన్నా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

తెల్లారి టైమ్ ఆఫీసుకు వెళ్లి టైమ్‌కీపర్ మీద అరిచాను. ఆయన రాయచోటి మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. "నీకు పంచింగ్ లెక్క చూడటం రాదా అన్నా? నా మనుషులు రాత్రంతా నిద్రపోలేదు" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "నేనేం జేసేది సామీ! రిపోర్టు రెండు రాత్రుల నుంచి తిరుగుతానే ఉంది. పాత సైట్లవి పది నిమిషాల్లో వచ్చినాయి. మీ సైటుదే రాలేదు. గడువు దాటుతుందని ముందు బేసిక్ పంపించినాం" అన్నాడు.

యూఏఈలో 2009 నుంచి జీతాలు డబ్ల్యూపీఎస్ పద్ధతిలో వెళ్తున్నాయి కదా. కంపెనీ ఫైలు తయారు చేసి పంపితేనే మన ఖాతాలో డబ్బు పడుతుంది. ఫైలు ఆగితే డబ్బూ ఆగుతుంది. మరి ఫైలు ఎందుకు ఆగింది? అదే కంప్యూటరు, అదే ప్రోగ్రాము. పాత సైట్లకు పది నిమిషాలు, మాకు రెండు రాత్రులా?

ఈ ప్రశ్నకు జవాబు మా ఐటీ సెక్షన్‌లో పనిచేసే కరీంనగర్ తమ్ముడు చెప్పాడు. నేను నిజామాబాద్‌లో సివిల్ డిప్లొమా చదివినవాణ్ని. కంప్యూటర్ నా సబ్జెక్టు కాదు. అయినా అతను చెప్పింది వింటే మన సైటు పని లాగే అనిపించింది. మన జీతాలు, హాజరు, వీసా, క్యాంపు గదులు అన్నీ డేటాబేస్‌లలోకి ఎక్కిన కాలంలో ఈ సంగతి మనకూ తెలిసి ఉండాలని రాస్తున్నాను.

ఒకటే ప్రశ్న... రెండు దారులు

క్యాంపులో ఒక మనిషిని వెతకాలనుకోండి. కేర్‌టేకర్ దగ్గర రిజిస్టరు ఉంటుంది. బ్యాడ్జి నంబరు చెబితే గది నంబరు చెబుతాడు. నేరుగా ఆ గదికి వెళ్తాం. ఐదు నిమిషాల పని.

అదే 1,200 మందిలో 1,100 మందికి నోటీసు ఇవ్వాలంటే? ఒక్కొక్కరి కోసం రిజిస్టరు తిరగేస్తూ, గదికి వెళ్తూ, మళ్లీ రిజిస్టరు దగ్గరకు వస్తూ ఉంటే తెల్లారిపోతుంది. అప్పుడు రిజిస్టరు పక్కన పెట్టి మొదటి గది నుంచి చివరి గది దాకా వరుసగా తలుపు కొట్టుకుంటూ పోవడమే మేలు.

రెండు దారులూ సరైనవే. ఏది తొందరగా అవుతుందో తెలియాలంటే 'ఎంతమంది?' అన్నది ముందే తెలియాలి. డేటాబేస్‌కూ ఇదే చిక్కు. మనం 'ఫలానా సైటు వాళ్ల పంచ్‌లు ఇవ్వు' అని అడుగుతాం. ఎలా వెతకాలో మాత్రం చెప్పం. ఆ దారి నిర్ణయించే భాగాన్ని ఆప్టిమైజర్ అనో, ప్లానర్ అనో అంటారు. అది పనికి దిగకముందే 'ఎన్ని ఎంట్రీలు వస్తాయి?' అని అంచనా వేసుకుంటుంది. ఆ అంచనా కోసం దాని దగ్గర ఒక చిన్న నోట్‌బుక్ ఉంటుంది. దానిపేరే టేబుల్ స్టాటిస్టిక్స్.

1979 నాటి ఆలోచన

ఇది కొత్త సంగతేమీ కాదు. 1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గర్ కాడ్, సమాచారాన్ని టేబుళ్లుగా పెట్టుకునే పద్ధతిని ప్రతిపాదించాడు. ఆ ఆలోచనను నిజం చేసి చూడడానికి ఐబీఎం వాళ్లు అమెరికాలోని శాన్‌హోసేలో 'సిస్టమ్ ఆర్' అనే ప్రాజెక్టు నడిపారు. అందులో ఏ దారికి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి, తక్కువ ఖర్చు దారిని ఎంచుకునే పద్ధతిని ప్యాట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు 1979లో ఒక పత్రంలో వివరించారు. ఈనాటి పెద్ద డేటాబేస్‌లు చాలావరకు ఆ బాటలోనే నడుస్తున్నాయి.

ఆ పత్రంలోనే ఒక ముఖ్యమైన మాట ఉంది. టేబుల్‌లోకి కొత్త ఎంట్రీ వచ్చిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో లెక్క మార్చరు! అప్పుడప్పుడు ఒక కమాండ్ ఇస్తే అప్పుడు మారుస్తారు. ఎందుకంటారా? పొద్దున ఐదు గంటలకు మన గేటు ఊహించుకోండి. 1,200 మంది లైన్లో ఉన్నారు. ప్రతివాడూ పంచ్ కొట్టి, పక్కనే ఉన్న ఒకే ఒక్క బోర్డు మీద 'ఇవాళ్టి మొత్తం' చెరిపి మళ్లీ రాయాలంటే ఏమవుతుంది? పంచింగ్ దగ్గర కాదు, బోర్డు దగ్గర జామ్ అవుతుంది. డేటాబేస్‌లోనూ అంతే. అందుకే నోట్‌బుక్ ఎప్పుడూ కొంచెం పాతదే. అది తెలిసే అలా పెట్టారు. ఎంత పాతదైతే పరవాలేదన్నదే అసలు ప్రశ్న.

నోట్‌బుక్‌లో ఏం రాసుకుంటుంది?

మా ఆఫీసు ప్రోగ్రాము పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్ మీద నడుస్తుంది. అందులో టేబుల్‌కు సుమారు ఎన్ని వరుసలున్నాయో, డిస్కులో ఎన్ని పేజీలు ఆక్రమించాయో రాసి ఉంటుంది. అది కాక ఒక్కో కాలమ్‌కు మరికొన్ని వివరాలు ఉంటాయి. ఖాళీగా వదిలేసినవి ఎంత భాగం? వేర్వేరు విలువలు ఎన్ని? ఎక్కువగా కనిపించే విలువలు ఏవి, ఒక్కోటి ఎంత శాతం? మిగతావి ఎక్కడెక్కడ పరుచుకుని ఉన్నాయి?

ఉదాహరణకు 'పని' అనే కాలమ్ తీసుకోండి. హెల్పర్లు 40 శాతం, స్టీల్ ఫిక్సర్లు 20 శాతం, క్రేన్ ఆపరేటర్ ఒక శాతం కంటే తక్కువ అని నోట్‌బుక్‌లో ఉందనుకోండి. 'హెల్పర్లను చూపించు' అంటే తలుపులన్నీ కొట్టుకుంటూ పోతుంది. 'క్రేన్ ఆపరేటర్లను చూపించు' అంటే రిజిస్టరు అందుకుంటుంది.

మరి ఈ లెక్క కోసం టేబుల్ మొత్తం చదువుతుందా? చదవదు. శాంపిల్ తీస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో మామూలు సెట్టింగ్ 100. దానికి 300 రెట్లు, అంటే 30,000 వరుసలను అక్కడక్కడా ఏరి చూస్తుంది. టేబుల్‌లో ఐదు లక్షల వరుసలున్నా, ఐదు కోట్లున్నా అదే 30,000!

ఇంత పెద్ద టేబుల్‌కు అంత చిన్న శాంపిలా అని నాకూ అనుమానం వచ్చింది. ఐటీ తమ్ముడు నన్నే ఎదురు ప్రశ్న వేశాడు. "మీరు కాంక్రీటు పోసేటప్పుడు స్లాబు మొత్తం పగలగొట్టి చూస్తారా అన్నా?" నిజమే కదా! 150 మిల్లీమీటర్ల క్యూబులు కొన్ని తీస్తాం. 7 రోజులకు, 28 రోజులకు ల్యాబులో పగలగొట్టి చూస్తాం. వాటిని బట్టే స్లాబు బలం చెబుతాం. కాకపోతే క్యూబులన్నీ ఒకే లారీ నుంచి తీస్తే మోసపోతాం. శాంపిల్ అన్ని వైపుల నుంచీ రావాలి. శాంపిల్ తీసిన తర్వాత వచ్చిన కాంక్రీటు గురించి మాత్రం ఆ క్యూబులు ఏమీ చెప్పలేవు.

మా కథలో తప్పు జరిగింది సరిగ్గా అక్కడే.

10 శాతం దాటితేనే...

నోట్‌బుక్ దిద్దే పని ఒకప్పుడు మనుషులే గుర్తుపెట్టుకుని చేయాల్సి వచ్చేది. తర్వాత దాన్ని యంత్రానికే అప్పగించారు. పోస్ట్‌గ్రెస్‌లో 2008లో వచ్చిన 8.3 వెర్షన్ నుంచి ఈ ఏర్పాటు మొదటి నుంచే ఆన్‌లో ఉంటోంది. మామూలుగా నిమిషానికోసారి ఒక కాపలాదారు లేచి, ఏ టేబుల్‌లో ఎన్ని మార్పులు జరిగాయో చూస్తాడు. టేబుల్‌లో 10 శాతం, దాని మీద ఇంకో 50 వరుసలు మారితే లెక్క కొత్తగా తీయిస్తాడు. అంతకంటే తక్కువైతే వదిలేస్తాడు.

ఒక్కో డేటాబేస్‌ది ఒక్కో పద్ధతి. ఒరాకిల్ కూడా మామూలుగా 10 శాతం మార్పునే కొలతగా పెట్టుకుని, ఎక్కువగా రాత్రిపూట ఈ పని చేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ కూడా 10 శాతం దాటితే మళ్లీ లెక్కిస్తుంది, కాకపోతే 20 పేజీలే శాంపిల్ తీస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పెద్ద టేబుళ్లకు ఒకప్పుడు 20 శాతం, దాని మీద 500 ఉండేది. పెద్ద టేబుళ్లకు అది మరీ ఎక్కువని 2016లో సూత్రం మార్చారు. 60 లక్షల వరుసల టేబుల్‌కు పాత లెక్కలో 12,00,500 మార్పులు జరగాలి. కొత్త లెక్కలో దాదాపు 77,460 చాలు.

ఇప్పుడు మా టేబుల్ చూద్దాం. పంచింగ్ టేబుల్‌లో పాతవన్నీ కలిపి 60 లక్షల వరుసలు. అంటే 6,00,050 మార్పులు జరిగితేనే కాపలాదారు కదులుతాడు. మా సైటు 2023 అక్టోబర్ 2న మొదలైంది. ఒక్కసారిగా 1,200 మందిని కొత్తగా దింపారు. పొద్దున ఒకటి, భోజనానికి రెండు, సాయంత్రం ఒకటి... మనిషికి రోజుకు 4 పంచ్‌లు. 26 రోజులకు 1,24,800. పాత సైట్ల 2,800 మందిని కూడా కలిపితే మొత్తం 4,16,000. ఆరు లక్షలు దాటలేదు. కాపలాదారు నిద్ర లేవలేదు! నోట్‌బుక్‌లో సెప్టెంబర్ ఆఖరు లెక్కే ఉండిపోయింది. అందులో మా సైటు కోడే లేదు.

అంచనా 1... అసలు 1,24,800!

ఐటీ తమ్ముడు నా ముందే ఎక్స్‌ప్లెయిన్ అనే కమాండ్ కొట్టాడు. పని చేయకుండానే, ఏ దారిలో వెళ్లాలనుకుంటోందో డేటాబేస్ చెప్పేస్తుంది ఆ కమాండ్‌తో. మా సైటు పంచ్‌లు ఎన్ని ఉంటాయని దాని అంచనా? ఒకే ఒక్క వరుస!

పాత సైట్ల కోడ్‌లన్నీ దాని లిస్టులో ఉన్నాయి. వాటి శాతాలు కలిపితే నూరు అవుతోంది. మా కోడ్ లిస్టులో లేదు. అంటే మాకు మిగిలింది సున్నా. సున్నా అని రాయకూడదు కాబట్టి 1 అనుకుంది. 1,200 మంది నెల రోజులు ఎండలో చేసిన పనికి దాని లెక్కలో ఒక్క పంచ్!

ఒక్క పంచే కదా అని అది చిన్న దారి పట్టింది. ఓటీ స్లిప్పుల టేబుల్‌లో 3 లక్షల వరుసలున్నాయి. పంచ్ ఒకటి తీసుకో, 3 లక్షల స్లిప్పులు మొదటి నుంచి చివరిదాకా చూడు. దీన్ని నెస్టెడ్ లూప్ అంటారు. పంచ్ ఒకటే అయితే ఇది మంచి దారే. కానీ పంచ్‌లు 1,24,800. ఒక్కోదానికి 3 లక్షలు చూడాలంటే 3,744 కోట్ల సార్లు పోల్చాలి! రిపోర్టు తిరుగుతూ ఉండిపోయింది. గడువు సమయం అయిపోగానే ప్రోగ్రామే దాన్ని ఆపేసింది. రెండో రాత్రి మళ్లీ అదే దారి, మళ్లీ అదే ఆగడం.

రెండో దారి కూడా ఉంది. హ్యాష్ జాయిన్ అంటారు. స్లిప్పులన్నీ ముందే ఒకసారి బ్యాడ్జి నంబర్ల వారీగా గూళ్లలో సర్దుకోవాలి. తర్వాత పంచ్ పట్టుకుని నేరుగా ఆ గూడు దగ్గరకు పోవాలి. సర్దడానికి 3 లక్షలు, వెతకడానికి 1,24,800... రెండూ కలిపితే నాలుగు లక్షల పాతికవేలు కూడా లేవు. ఎక్కడి 3,744 కోట్లు, ఎక్కడి నాలుగు లక్షలు!

ఇంతకీ మందు ఏమిటి? అనలైజ్ అనే ఒక్క కమాండ్. టేబుల్ మీద కొట్టాడు. కొన్ని సెకన్లలో కొత్త శాంపిల్ వచ్చింది, మా సైటు కోడ్ లిస్టులోకి ఎక్కింది. రిపోర్టు మళ్లీ నడిపితే టీ చల్లారకముందే అయిపోయింది. టైమ్‌కీపర్ అన్న నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

తప్పు జవాబు కాదు, తప్పు దారి

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. స్టాటిస్టిక్స్ పాతవైతే డేటాబేస్ తప్పు జవాబు ఇవ్వదు. రెండు రాత్రులు కాకుండా ఇరవై రాత్రులు ఆగినా, ఆఖరికి మా గంటలు ఒక్కటి కూడా తగ్గకుండా వచ్చేవే. పంచ్‌లు ఎక్కడికీ పోలేదు. చేరే చోటు సరైనదే, పట్టిన దారి తప్పు. కాకపోతే జీతం మీద బతికేవాడికి ఆలస్యం కూడా నష్టమే.

ఇలాంటి గుంటలు ఇంకా ఉన్నాయట. మా క్యాంపులో ఉండేవాళ్లు మొత్తం మనుషుల్లో 30 శాతం. మా సైటులో పనిచేసేవాళ్లూ 30 శాతం. నిజానికి ఇద్దరూ ఒకటే. డేటాబేస్‌కు ఆ సంగతి తెలియదు. రెండూ వేర్వేరు విషయాలనుకుని 30లో 30 శాతం, అంటే 9 శాతం అని అంచనా కడుతుంది. ఈ రెండు కాలమ్‌లకు చుట్టరికం ఉందని ప్రత్యేకంగా చెప్పే సౌకర్యం పోస్ట్‌గ్రెస్‌లో 2017లో వచ్చింది. ఇంకొకటి, పాత వెర్షన్ నుంచి కొత్త వెర్షన్‌కు మార్చేటప్పుడు ఈ నోట్‌బుక్ వెంట వచ్చేది కాదు. ఎవరో గుర్తుపెట్టుకుని మళ్లీ అనలైజ్ కొట్టాల్సిందే. 2025లో వచ్చిన 18వ వెర్షన్ నుంచి చాలావరకు వెంట వస్తోంది.

మా ఆఫీసులో ఆ తర్వాత రెండు మార్పులు చేశారు. పంచింగ్ టేబుల్‌కు 10 శాతం బదులు ఒక శాతం పెట్టారు. అంటే 60,050 మార్పులకే లెక్క కొత్తదవుతుంది. జీతాల రిపోర్టుకు ముందు అనలైజ్ తప్పనిసరి చేశారు. మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

నేను చేసిందీ అదే!

ఆ రోజు సాయంత్రం నా మ్యాన్‌పవర్ షీటు తెరిచి చూసుకున్నాను. నెల మొదట్లో నా గ్యాంగులో 60 మంది ఉండేవాళ్లు. ఆ లెక్కతోనే బస్సు ఒకటి రాయించాను. తర్వాత గ్యాంగు 95కు పెరిగింది. షీటు మార్చలేదు. రోజూ సాయంత్రం 35 మంది గేటు దగ్గర రెండో ట్రిప్పు కోసం గంటసేపు నిలబడుతున్నారు. డ్రైవర్‌ను తిట్టుకుంటున్నారు. డ్రైవర్ తప్పేముంది? లెక్క పాతది, ఆ లెక్క నాది.

ఓటీ డబ్బు తర్వాతి వారం పడింది. కామారెడ్డి తమ్ముడి ఇంటి స్లాబు ఎనిమిది రోజులు వెనక్కి జరిగింది. టైమ్‌కీపర్ అన్న దగ్గరకు వెళ్లి "తప్పయింది అన్నా" అన్నాను. "పోనీలే సామీ, అదెవరికి తెలుస్తుంది" అన్నాడు. రెండో బస్సు మాత్రం ఆ మర్నాడే రాయించాను.

పనికొచ్చే నాలుగు మాటలు

* మీ ఓటీ గంటలు రోజూ మీ డైరీలో రాసుకోండి. ఫోర్‌మన్ సంతకం చేసిన స్లిప్పు ఫోటో తీసి పెట్టుకోండి. కంప్యూటర్ ఎంత ఆలస్యం చేసినా మీ లెక్క మీ దగ్గర ఉంటుంది.

* కొత్త సైటుకో, కొత్త క్యాంపుకో మారిన నెలలో జీతం స్లిప్పు మరింత జాగ్రత్తగా చూసుకోండి. లెక్కలు తడబడేది ఎక్కువగా అప్పుడే.

* డబ్బు ఆలస్యమైతే గుమస్తా మీద అరవకండి. 'రిపోర్టు తయారైందా, ఎక్కడ ఆగింది, ఎప్పుడు పంపుతారు?' అని నిదానంగా అడిగి, జవాబు తేదీతో సహా రాసుకోండి.

* ఆఫీసులో కంప్యూటర్ పని చూసే తమ్ముళ్లకు ఒక మాట. ఒకేసారి ఎక్కువ మందిని ఎక్కించినప్పుడు అనలైజ్ కొట్టడం మరవకండి. ఎక్స్‌ప్లెయిన్ చెప్పే అంచనా ఎంత, అసలు వచ్చినవి ఎన్ని అని పక్కపక్కన పెట్టి చూడండి. ఆ రెండంకెల తేడా వెనక ఎవరో ఒకరి ఇంటి స్లాబు ఆగి ఉండవచ్చు.